కర్బలాలో ఖాసిం పెళ్లి జరిగిందా? నానమ్మ పాట అబద్ధమా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. మీ ఊళ్లో మొహర్రం నెల ఏడో రోజున ఖాసిం పీరుకు గోరింటాకు పెట్టి పెళ్లికొడుకును చేస్తారు. మీ నానమ్మ పాడే పాటలో ప్రవక్త ముహమ్మద్ మనవళ్లైన హసన్, హుసేన్ అన్నదమ్ములిద్దరూ నేటి ఇరాక్‌లోని కర్బలా మైదానంలో దప్పికతో ప్రాణాలు విడుస్తారు. అంతకు ముందు హసన్ కొడుకు ఖాసింకు, హుసేన్ కూతురికి అక్కడే పెళ్లి జరుగుతుంది. ఈమధ్య మీరు చదివిన చరిత్ర పుస్తకంలో పెళ్లి ఊసే లేదు, హసన్ ఆ యుద్ధంలో లేనే లేరు. మీ ముస్లిం మిత్రుడొకరు ఇవన్నీ కట్టుకథలని తేల్చేశారు. నానమ్మ పాట అబద్ధమా, లేక పుస్తకమే ఏదైనా దాచిందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పి తర్వాత కారణాలకు వస్తాను. హసన్ కర్బలాలో లేరు; ఆ యుద్ధానికి సుమారు పదేళ్ల ముందే మదీనాలో మరణించారు. ఖాసిం కర్బలాలో ఉన్నారు, అక్కడే ప్రాణాలు కోల్పోయారు. పెళ్లి మాత్రం తొలి ఆధారాల్లో ఎక్కడా లేదు. ఆ పెళ్లి కథ జనంలోకి వెళ్లింది 1502 ప్రాంతంలో హెరాత్ నగరంలో రాసిన ఒక పారశీక గ్రంథం వల్ల, అంటే సంఘటన జరిగిన ఎనిమిది వందల ఏళ్ల తర్వాత. కాబట్టి మీ పుస్తకం ఏమీ దాచలేదు. అయినా మీ నానమ్మ పాటను నేను అబద్ధం అనను. ఒక కథ నిజమా కాదా అని అడిగే ముందు దాని వయసెంత, అది ఎవరి నోటి నుంచి ఎవరి చెవికి వచ్చింది అని అడగాలి. దాదాపు ముప్పై ఏళ్లు కళాశాలలో ఇస్లాం చరిత్ర బోధించి, అరబీ మూలాలు చదువుతూ, సెలవుల్లో పీర్ల సావిళ్ల వెంట తిరిగి పాటలు విన్న మీదట నాకు పట్టుబడిన పద్ధతి ఇదొక్కటే.

చరిత్ర భాగాన్ని వీలైనంత క్లుప్తంగా చెబుతాను. ప్రవక్త ముహమ్మద్ 632లో మరణించాక అబూబక్ర్, ఉమర్, ఉస్మాన్ వరుసగా ఖలీఫాలయ్యారు. 656లో ఉస్మాన్ హత్య జరిగాక ప్రవక్తకు పెదనాన్న కొడుకూ, కూతురు ఫాతిమా భర్తా అయిన అలీ ఖలీఫా అయ్యారు. ఆయన పాలన అంతా అంతర్యుద్ధాలతోనే గడిచింది. 661లో ఇరాక్‌లోని కూఫా నగర మసీదులో, ఆయన పక్షాన్ని విడిచి తిరగబడిన ఖారిజీల్లో ఒకడి కత్తి దెబ్బకు మరణించారు. పెద్ద కొడుకు హసన్ కొన్ని నెలలకే సిరియా పాలకుడు ముఆవియాతో సంధి చేసుకుని మదీనాకు వెళ్లిపోయారు. అక్కడే 670 ప్రాంతంలో మరణించి బఖీ శ్మశానవాటికలో సమాధి అయ్యారు. విషప్రయోగం జరిగిందని చాలా మూలాలు చెబుతాయి. 680 వసంతంలో ముఆవియా మరణించి కొడుకు యజీద్ గద్దెనెక్కాడు. ఖలీఫా పదవి తండ్రి నుంచి కొడుక్కి వారసత్వంగా పోవడాన్ని అంగీకరించని పెద్దల్లో హుసేన్ ముఖ్యులు. విధేయత ప్రమాణం చేయకుండా ఆయన మదీనా విడిచి మక్కాకు వెళ్లారు. మీరు వస్తే మేం మీ వెంట నిలుస్తామని కూఫా వాసులు కట్టలు కట్టలుగా ఉత్తరాలు రాశారు. పరిస్థితి చూసి రమ్మని హుసేన్ తన బంధువు ముస్లిం బిన్ అఖీల్‌ను ముందుగా పంపితే, యజీద్ నియమించిన కొత్త అధికారి ఉబైదుల్లా బిన్ జియాద్ అతణ్ని పట్టి చంపించాడు. ఆ వార్త అందే సరికే హుసేన్ కుటుంబంతో సహా దారిలో ఉన్నారు.

హిజ్రీ 61వ సంవత్సరం మొహర్రం 2న ఆ బృందం కర్బలా చేరింది. ఉబైదుల్లా పంపిన సేనాని ఉమర్ బిన్ సఅద్ నాలుగు వేల మందితో వచ్చి చుట్టుముట్టాడు. ఏడో తేదీ నుంచి యూఫ్రటీస్ నీటికి దారి మూశారు. పదో తేదీన, అంటే 680 అక్టోబర్ 10న, యుద్ధం జరిగింది. హుసేన్ పక్షాన 32 మంది గుర్రపు రౌతులు, 40 మంది కాల్బలం ఉన్నారని తొలి కథనం చెబుతుంది. మనవాళ్లు పాడే డెబ్బై ఇద్దరు అమరుల లెక్క అక్కడిదే. సాయంత్రానికి ఆ పక్షాన పోరాడిన పురుషులు దాదాపు అందరూ నేలకూలారు. జబ్బుతో డేరాలో పడి ఉన్న కొడుకు అలీ జైనుల్ ఆబిదీన్, చెల్లెలు జైనబ్, మిగిలిన స్త్రీలు, పిల్లలు బందీలై కూఫాకు, అక్కడి నుంచి దమాస్కస్‌కు వెళ్లారు. చుట్టుపక్కల పల్లెలో ఉండే బనూ అసద్ తెగవారు వచ్చి శవాలను పూడ్చిపెట్టారు.

ఇదంతా మనకు ఎలా తెలుసు అన్నదే అసలు ప్రశ్న. కూఫాకు చెందిన అబూ మిఖ్నఫ్ అనే చరిత్రకారుడు (మరణం 774) ఈ యుద్ధంలో పాల్గొన్నవారి మాటలను, వారి దగ్గర విన్నవారి మాటలను సేకరించి పుస్తకంగా కూర్చాడు. ఆయన ముత్తాత అలీ పక్షాన నిలిచిన ఒక తెగ పెద్ద. అంటే కథ సొంత ఊరిది, సొంత ఇంటిది. ఆ పుస్తకం విడిగా మిగలలేదు గాని, తబరీ (మరణం 923) తన మహాచరిత్రలో అందులోని భాగాలను విరివిగా చేర్చాడు. ప్రతి కథనానికీ ముందు ఎవరు చెప్పగా ఎవరు విన్నారో పేర్లు వరుసగా ఉంటాయి. అరబీలో దాన్ని ఇస్నాద్ అంటారు. ఆ గొలుసుల చివర ఉన్న కొందరిని చూడండి. ఉఖ్బా బిన్ సమ్ఆన్, హుసేన్ భార్య రబాబ్‌కు చెందిన బానిస. అందుకే అతణ్ని చంపకుండా వదిలేశారు. దహ్హాక్ అనే అతను, ఇక ఆశ లేనప్పుడు వెళ్లిపోవచ్చునని ముందే అనుమతి తీసుకుని, చివరి ఘడియలో గుర్రమెక్కి తప్పించుకున్నాడు. హుమైద్ బిన్ ముస్లిం అయితే శత్రుసేనలోనే నిలబడి చూసినవాడు.

ఖాసిం గురించి మనకు తెలిసింది ఈ మూడో సాక్షి వల్లే. హుమైద్ చెబితే సులైమాన్ బిన్ అబీ రాషిద్ విన్నాడు, అతను చెబితే అబూ మిఖ్నఫ్ రాసుకున్నాడు. కథనం చిన్నదే. చంద్రుడి తునకలాంటి ముఖంతో ఒక అబ్బాయి కత్తి పట్టుకుని బయటికి వచ్చాడు. ఒంటిమీద చొక్కా, నడుముకు వస్త్రం, కాళ్లకు చెప్పులు ఉన్నాయి. ఒక చెప్పు పట్టీ తెగి ఉంది, అది ఎడమ కాలిదని నేను మరిచిపోను అంటాడు హుమైద్. పక్కనున్న సైనికుడు ఆ పిల్లవాడి మీద పడతానంటే, చుట్టుముట్టినవాళ్లు చాలరా, నీకెందుకు అని వారించానంటాడు. ఆ సైనికుడు వినకుండా వెళ్లి తలమీద వేటు వేశాడు. పిల్లవాడు బోర్లాపడి చిన్నాన్నా అని కేక వేశాడు. హుసేన్ డేగలా దూసుకొచ్చారు. దుమ్ము తగ్గాక చూస్తే ఆయన ఆ పిల్లవాడి తల దగ్గర నిలబడి ఉన్నారు. నీ పిలుపు విని కూడా నీకు అక్కరకు రాలేకపోవడం మీ చిన్నాన్నకు ఎంత భారమో అన్న అర్థం వచ్చే మాటలంటున్నారు. తర్వాత అతణ్ని గుండెకు హత్తుకుని ఎత్తుకుపోయారు. పిల్లవాడి కాళ్లు నేలమీద గీతలు గీస్తూ పోయాయి. తన కొడుకు అలీ అక్బర్ శవం పక్కన పడుకోబెట్టారు. ఈ పిల్లవాడెవరని అడిగితే హసన్ కొడుకు ఖాసిం అని చెప్పారంటాడు హుమైద్.

నేను ఈ భాగాన్ని తరగతిలో ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు, ఏ ఒక్కసారీ గొంతు నిలకడగా ఉండలేదు. అయినా బోధకుడిగా ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. హుమైద్ చెప్పే కథనాలన్నింటిలోనూ అతను మంచివాడిగానే కనిపిస్తాడు. ప్రతి దారుణానికీ ముందు వద్దని వారించినవాడు అతనే. హుసేన్‌ను చంపిన సేనలో నిలబడి, ఆ తర్వాత పశ్చాత్తాపపడినవారితో కలిసి తిరిగినవాడు తన పాత్రను ఎలా చెప్పుకుంటాడో మనం ఊహించగలం. వారించానన్న మాటను నేను అనుమానంతోనే చదువుతాను. కాని తెగిన ఎడమ చెప్పు పట్టీ వల్ల ఎవరికీ ఏ లాభమూ లేదు. అది ఏ పక్షాన్నీ సమర్థించదు, ఏ సిద్ధాంతాన్నీ నిలబెట్టదు. ఒక మనిషి చూసి, జీవితాంతం మరిచిపోలేకపోయిన వివరం అది అనే నా నమ్మకం.

ఈ కథనంలో పెళ్లి లేదు. షియా పండితుల్లో అగ్రగణ్యుడైన షేక్ ముఫీద్ (మరణం 1022) ఇమాముల జీవితాలను వివరంగా రాశాడు, అందులోనూ లేదు. కథ వ్యాప్తి పొందింది తైమూరు వంశస్థులు ఏలిన హెరాత్‌లో హుసేన్ వాయిజ్ కాషిఫీ రాసిన ‘రౌజతుష్షుహదా’ ద్వారా. వాయిజ్ అంటే ఉపన్యాసకుడు. వేదిక మీద నుంచి చదివి జనాన్ని ఏడిపించగల భాష ఆయనది. ఆ పుస్తకాన్ని సభల్లో చదవడమే ఒక వృత్తి అయ్యింది, దాన్ని నేటికీ ఇరాన్‌లో రౌజాఖానీ అంటారు. చుట్టూ సేన మోహరించి ఉండగా, అన్నకు ఇచ్చిన మాట కోసం హుసేన్ తన కూతుర్ని ఖాసింకిచ్చి పెళ్లి చేయడం, గోరింటాకు ఎరుపు ఆరకముందే నెత్తుటి ఎరుపు కలవడం — ఇలాంటి ఘట్టం విన్నవాడు ఎవడైనా మరిచిపోగలడా? పారశీకం నుంచి అది దక్కనీ భాషలోని శోకగీతాలైన మర్సియాల్లోకి, మర్సియాల నుంచి మన పాటల్లోకి దిగింది. మన పల్లెల్లో ‘ఖాసిం దూలా’ అనే మాటలోని దూలా, పెళ్లికొడుకును సూచించే దుల్హా అన్న ఉర్దూ మాటే.

ఈ కథకు బీజం ఏదై ఉంటుందన్న విషయంలో నాకొక ఊహ ఉంది, దాన్ని ఊహగానే తీసుకోండి. హసన్‌కు అదే పేరున్న మరో కొడుకు ఉన్నాడు, అతణ్ని హసన్ ముసన్నా, అంటే రెండో హసన్ అంటారు. అతను కర్బలాలో తీవ్రంగా గాయపడి బతికి బయటపడ్డాడు. హుసేన్ కూతురు ఫాతిమాను పెళ్లి చేసుకున్నది అతనే; వంశచరిత్రలు ఈ మాటను రూఢిగా చెబుతాయి, వారి సంతతి కూడా ఉంది. అంటే హసన్ కొడుకుకూ హుసేన్ కూతురికీ పెళ్లి అన్నది చరిత్రలో ఉన్న సంగతే. తరాలు గడిచేకొద్దీ బతికినవాడి పెళ్లి చనిపోయినవాడికి, అన్నదమ్ముల్లో ఒకరిది మరొకరికి, చేరి ఉండవచ్చు.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. పెళ్లి కథను కాదన్నవారంతా హుసేన్ స్మృతికి వ్యతిరేకులని కొందరు అనుకుంటారు. నిజానికి దాన్ని గట్టిగా కాదన్నవారిలో షియా పండితులే ముందున్నారు. మీర్జా హుసేన్ నూరీ (మరణం 1902) అనే హదీసు (ప్రవక్త మాటలు, చేతల కథనాలు) పండితుడు, వేదికల మీద నిరాధారమైన కథలు చెప్పి ఏడిపించడం అమరులకు అన్యాయం చేయడమేనని ఒక పుస్తకమే రాశాడు. ఈ పెళ్లిని అందులో ఉదాహరణగా ఇచ్చాడు. ఇరాన్ పండితుడు ముర్తజా ముతహ్హరీ గత శతాబ్దంలో అదే వాదాన్ని ముందుకు తీసుకెళ్లాడు. హైదరాబాదు పాతబస్తీలోని ఒక షియా కుటుంబం నుంచి వచ్చిన నా విద్యార్థిని ఒకసారి, మా ఇంట్లో పెద్దలకు ఈ కథ బలహీనమని తెలుసు, అయినా ఏడో తేదీన మెహందీ తీస్తాం, ఎందుకంటే ఆ రోజు మేం తలుచుకునేది పెళ్లిని కాదు, పెళ్లి వయసు కూడా రాకుండా పోయిన పిల్లవాణ్ని అని చెప్పింది. ఆ మాట నేను ఆ తర్వాత ప్రతి తరగతిలోనూ చెప్పాను.

సున్నీల విషయంలోనూ మీ మిత్రుడి ఒక్క మాటతో నిర్ణయానికి రావద్దు. హసన్, హుసేన్ స్వర్గంలోని యువకులకు నాయకులన్న హదీసు సున్నీల ప్రామాణిక సంకలనాల్లో ఒకటైన తిర్మిజీలో ఉంది. శోక ప్రదర్శనలను తీవ్రంగా ఖండించిన ఇబ్న్ తైమియా (మరణం 1328) కూడా హుసేన్ అన్యాయంగా హతులైన అమరులనే రాశాడు. మొహర్రం పదో తేదీన చాలామంది సున్నీలు ఉపవాసం ఉంటారు. దానికి కారణం వేరు: ఈజిప్టు రాజు ఫిరౌను బారి నుంచి మూసా ప్రవక్త విముక్తి పొందినందుకు కృతజ్ఞతగా మదీనా యూదులు ఉపవాసం ఉంటే చూసి ప్రవక్త తాను కూడా పాటించారని హదీసు చెబుతుంది. ఒకే రోజు ఒకరికి కృతజ్ఞత దినం, ఇంకొకరికి దుఃఖ దినం. మీ మిత్రుడు వ్యతిరేకించింది బహుశా పీర్ల ఊరేగింపునే గాని హుసేన్‌ను కాదు. ఈ తేడా తెలియక మంచి స్నేహాలు చెడిపోవడం నేను చూశాను.

మీ రెండో సందేహానికి, అంటే అన్నదమ్ములిద్దరూ కలిసి చనిపోయారన్న విషయానికి వస్తాను. హసన్ 625లో, హుసేన్ 626లో పుట్టారు. కర్బలా నాటికి హుసేన్‌కు యాభై నాలుగేళ్లు. తల నెరిసిన మనిషి. మన పాటల్లో మాత్రం ఇద్దరూ ప్రవక్త భుజాలమీద ఆడుకునే పసివాళ్లు, లేదా మీసం మొలవని యువకులు. మనవళ్లను ఎత్తుకుని ముద్దాడే తాతగా ప్రవక్తను చూపే కథనాలు హదీసుల్లో నిజంగానే ఎన్నో ఉన్నాయి. జనం గుండెల్లో నిలిచింది ఆ చిత్రం. ఒకరు విషంతో, ఒకరు కత్తితో వెళ్లిపోయిన ఆ ఇద్దరి మరణాలూ ఒకే దుఃఖంలో కలిసిపోయాయి. చాలా చోట్ల హసన్ పీరుకు ఆకుపచ్చ దట్టీ, హుసేన్ పీరుకు ఎర్ర దట్టీ కడతారు: విషానికి పచ్చ, రక్తానికి ఎరుపు. పాట మరిచిపోయిన తేడాను గుడ్డ గుర్తుపెట్టుకుంది. మీ సావిడిలో ఏ రంగులు కడతారో గమనించండి.

ఈ జ్ఞాపకం ఎలా పెరిగిందో కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే అది ఎప్పుడూ ఒకేలా లేదు. మొదట కన్నీరు పెట్టింది కూఫా వాళ్లే. ఉత్తరాలు రాసి పిలిచి, తీరా ఆపద వచ్చాక ఇళ్లలో కూర్చున్నవారు, వృద్ధుడైన సులైమాన్ బిన్ సురద్ నాయకత్వంలో 684లో బయలుదేరారు. తమను తాము తవ్వాబీన్, అంటే పశ్చాత్తాపపడినవారు, అని పిలుచుకున్నారు. హుసేన్ సమాధి దగ్గర ఒక రోజంతా ఏడ్చి, అక్కడి నుంచి ఉత్తరాన ఐనుల్ వర్దా వద్దకు వెళ్లి, తమకంటే ఎన్నో రెట్లు పెద్ద సైన్యంతో తలపడి 685 ఆరంభంలో చాలామంది ప్రాణాలిచ్చారు. కర్బలా శోకంలో ‘మేం లేకపోయామే’ అన్న ఆ ఆక్రోశం నాటిదే. 850 ప్రాంతంలో అబ్బాసీ ఖలీఫా ముతవక్కిల్ ఆ సమాధిని నేలమట్టం చేయించి యాత్రను నిషేధించాడు. జనం తలుచుకోవడానికి వెళ్తున్నారు కనుకనే ఆ ఆజ్ఞ అవసరమైంది. 963లో బువైహీ వంశపు ముయిజ్జుద్దౌలా బగ్దాదులో తొలిసారి బహిరంగ శోకదినం ప్రకటించాడు, అంగళ్లు మూయించాడు. కొన్ని దశాబ్దాలకు, 10వ శతాబ్దం చివర, అదే నగరంలోని సున్నీలు పోటీగా మరో యోధుడు ముస్అబ్ బిన్ జుబైర్ మరణదినాన్ని జరపడం మొదలుపెట్టారు. తలుచుకోవడంలోనూ వీధి రాజకీయం ఉంది. ముస్అబ్‌ను ఇవాళ ఎవరూ తలుచుకోరు. హుసేన్ పేరు మాత్రం తెలుగు పల్లెల్లో పిల్లలకు పెడుతున్నారు.

దక్కనుకు ఇది రాజుల ద్వారా వచ్చింది. గోల్కొండ కుతుబ్‌షాహీలు షియాలు. 1591లో హైదరాబాదును నిర్మించిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా ఆ దశాబ్దంలోనే చార్మినారుకు దగ్గర్లో మొహర్రం శోకసభల కోసం బాద్‌షాహీ ఆషూర్ఖానా కట్టించాడు. దాని గోడల మీది రంగు పలకల పనితనం నేటికీ కనిపిస్తుంది. దక్కనీలో మర్సియాలు కూడా రాశాడు. 1687లో ఆ రాజ్యం పోయింది, పండుగ మాత్రం పల్లెల్లో నిలిచింది. పీరు అంటే పారశీకంలో పెద్దాయన, గురువు. మన దగ్గర ఆ మాట జెండాకే పేరైంది. యుద్ధంలో హుసేన్ పతాకధారి ఆయన తమ్ముడు అబ్బాస్. పీరు కొసన కనిపించే పంజాను కొందరు నీళ్ల కోసం వెళ్లి చేతులు పోగొట్టుకున్న అబ్బాస్ చేయి అంటారు, ఇంకొందరు ముహమ్మద్, అలీ, ఫాతిమా, హసన్, హుసేన్ అనే ఐదుగురి గుర్తు అంటారు. తబరీలో అబ్బాస్ మరణ వివరాలు చాలా తక్కువ. కాని ఒక రాత్రి ముప్పై మంది రౌతులు, ఇరవై మంది కాల్బలం, ఇరవై తోలు తిత్తులతో వెళ్లి ఆయన నీళ్లు తెచ్చిన సంగతి అక్కడ స్పష్టంగా ఉంది. నీటికీ అబ్బాస్‌కూ ఉన్న ముడి పాతదే.

దప్పిక గురించి ఒక చిన్న సవరణ. పాటల్లో మండు వేసవి వర్ణన ఉంటుంది. మొహర్రం చాంద్రమాన నెల కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది. ఆ ఏడు అది అక్టోబర్‌లో పడింది. ఇరాక్‌లో అప్పుడు కూడా పగటి ఎండ ఉంటుంది గాని అది గ్రీష్మం కాదు. దప్పికకు కారణం ఎండ కంటే కూడా నదికి అడ్డంగా నిలబెట్టిన సైనికులు. ఇది చిన్న వివరంగా కనిపించవచ్చు. నా దృష్టిలో నేరాన్ని ఎండ మీదికి నెట్టకుండా మనుషుల మీదే ఉంచడానికి ఇది అవసరం.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెబుతాను, మీరు అదే చేయకూడదని. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో రాయలసీమలో ఒక పల్లెకు పాటలు వినడానికి వెళ్లాను. హిందూ కుటుంబానికి చెందిన ఒక ముసలమ్మ, పీర్లు గుండం తొక్కే రాత్రి పాడే పాట వినిపించింది. ఖాసిం పెళ్లి ఘట్టం రాగానే నేను, ఇది చరిత్రలో లేదమ్మా, తర్వాత కల్పించారు అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, అయితే ఆ పిల్లోడు సావలేదా నాయనా అని అడిగింది. చనిపోయాడమ్మా అన్నాను. మరి నువ్వు లేదనేది దేన్ని అంది. ఆ రాత్రి ఇక పాడలేదు. మరుసటి ఏడు వెళ్లేసరికి ఆమె లేదు, ఆ పాట ఇంకెవరికీ పూర్తిగా రాదు. నేను చెప్పిన మాట సరైనదే, చెప్పిన వేళ సరైనది కాదు. మొత్తం పాట రాసుకుని, ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా అని అడగడం అప్పుడు నా పని. ఆ పని చేయలేదు.

ఆ తర్వాత విన్న పాటల్లో నన్ను ఆలోచింపజేసిన ఒక సంగతి ఉంది. అరబ్బుల్లో అన్నదమ్ముల పిల్లల మధ్య పెళ్లి మామూలు, పైగా మెచ్చుకోదగిన సంబంధం. మన వరసల్లో చిన్నాన్న కూతురు చెల్లెలు. ఆ పెళ్లి మాటే అనకూడదు. అలాంటప్పుడు పాడేవాళ్లు ఏం చేశారు? నేను విన్న పాటల్లో రెండు మూడింటిలో పెళ్లికూతురు ఎవరి బిడ్డో చెప్పనే లేదు. పెళ్లికొడుకు మాత్రమే ఉన్నాడు, బాసికం ఉంది, గోరింటాకు ఉంది, పక్కన కూర్చునే పిల్ల లేదు. హెరాత్ కథ తెలుగు నేలకు చేరేసరికి మన వరస దాన్ని సరిదిద్దిందని నాకు తోస్తుంది. మీ ప్రశ్నలో పెళ్లికూతురు హుసేన్ కూతురని రాశారు. ఆ మాట నానమ్మ పాటలోనే ఉందా, లేక మీరు తర్వాత చదివి కలిపిందా అన్నది తెలుసుకోవాలని నాకు చాలా ఆసక్తిగా ఉంది.

కాబట్టి ఈసారి ఊరికి వెళ్లినప్పుడు నిజమా అబద్ధమా అన్న చర్చ పెట్టకండి. పాటను మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా పాడించి ఫోనులో రికార్డు చేయండి. పెళ్లికూతుర్ని ఏ మాటతో పిలిచారో, హసన్ ఎక్కడ చనిపోయినట్లు చెప్పారో గుర్తించండి. ఆ పాట నానమ్మకు ఎవరు నేర్పారు, వారిది ఏ ఊరు, వారికి ఎవరు నేర్పారు అని అడిగి పేర్లు వరుసగా రాసుకోండి. కూఫాలో అబూ మిఖ్నఫ్ చేసింది కూడా అదే. ఆ వరుస, ఆ ఏడో రోజు చరణాలు నాకు పంపితే, పెళ్లి కథలోని ఏ భాగం ఏ దారిన మీ ఊరు చేరిందో నాకు తెలిసినంత వరకు వెతికి చెబుతాను.